'పాపం' అన్న మాట కొట్టివేయబడినది

(డిసెంబరు 17, 2025 పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సీనియర్ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. 36 సంవత్సరాల సర్వీసులో ఇతరుల సంతకం కోసం రాయడమే తప్ప నా సంతకంతో నేను రాసింది చాలా తక్కువ. 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. ఈ రోజు "పెన్షనర్లు - ఆరోగ్యం" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. షుగరు, బి.పి.ల గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు కనుక విషయం మార్చుకోవడానికి అనుమతి కోరాను. వారు దయతో ఒప్పుకున్నారు. నేను చెప్పబోయేది ఉత్తరాల గురించి. బడి పిల్లలు వైకల్యం ఉన్న క్రీడాకారులకు రాసిన ఉత్తరాల గురించి, ఆ ఉత్తరాల వల్ల నేను రాయవలసి వచ్చిన మరొక ఉత్తరం గురించి.

ముందుగా ఈ రోజు గురించి ఒక్క మాట. 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ మాట పట్టుకునే మనం ప్రతి ఏడూ ఈ రోజు సమావేశమవుతున్నాం. ఎవరైనా మనల్ని చూసి "పాపం, ముసలివాళ్ళు, ఇంత పడెయ్యండి" అంటే మనకు చివుక్కుమంటుందా లేదా? ఆ చివుక్కును దయచేసి గుర్తుంచుకోండి. నా ప్రసంగం అంతా దాని మీదనే నడుస్తుంది.

2024 జూలై నెలాఖరులో ఒక సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి, "తాతా, నీకు ఉత్తరం రాయ వస్తదా?" అని అడిగింది. అప్పుడు అది ఎనిమిదో తరగతి. నవ్వు వచ్చింది. "రాయ వస్తదా అని నన్ను అడుగుతున్నవా? నేను రాసిన ఉత్తరాలన్నీ పరిస్తే హనుమకొండ నుంచి కాజీపేట దాకా వస్తయి" అన్నాను. సంగతి ఏమిటంటే, ఆగస్టు 28 నుంచి పారిస్‌లో పారాలింపిక్ పోటీలు మొదలు కానున్నాయి. మన దేశం నుంచి 84 మంది వెళుతున్నారు. వాళ్ళకు ఒక్కొక్క ఉత్తరం రాయాలని వాళ్ళ తెలుగు టీచరమ్మ పిల్లలకు చెప్పారు. తీరా చూస్తే తరగతిలో ఉన్న 38 మందిలో ఇన్‌ల్యాండ్ లెటరును మడత పెట్టడం తెలిసిన పిల్ల ఒక్కతీ లేదు. ఎవరి ఇంట్లోనైనా ఉత్తరాలు రాసిన పెద్దలుంటే పంపమని టీచరమ్మ అడిగారట. మా మనవరాలు చెయ్యెత్తింది. అలా నన్ను డెప్యుటేషన్ మీద బడికి పంపించారు.

నేను వెళ్ళేనాటికి పిల్లలు చిత్తు ప్రతులు రాసి సిద్ధంగా ఉంచారు. అలవాటు కొద్దీ ఒక్కొక్కటి చదివి, ఒక కాగితం మీద లెక్క వేసుకున్నాను. 38 ఉత్తరాలలో 27 చోట్ల "పాపం" అన్న మాట ఉంది. "మీకు చేతులు లేకపోయినా", "మీకు కాళ్ళు లేకపోయినా", "దేవుడు మీకు అన్యాయం చేసినా" అని మొదలైనవి 19. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. పిల్లలు జాలిగుండె కలవారు అనుకున్నాను. తప్పు పట్టుకున్నది వాళ్ళ పి.ఇ.టి. సారు. ఆయన వెనక బెంచీలో కూర్చొని వింటున్నాడు. లేచి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "పిల్లలూ, విరాట్ కోహ్లీకి ఉత్తరం రాస్తే మీరు 'పాపం' అని మొదలు పెడతరా?"

తరగతి నిశ్శబ్దం అయిపోయింది. నేను కూడా తల వంచుకున్నాను.

ఆ తరువాత రెండు రోజులు ఉత్తరాల పని పక్కన పెట్టి, అసలు ఈ పోటీలు ఏమిటో పిల్లలతో పాటు నేను కూడా నేర్చుకున్నాను. మీకూ పనికివస్తుందని క్లుప్తంగా మనవి చేస్తాను.

రెండవ ప్రపంచ యుద్ధంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిన సైనికులు ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ అనే చోట ఆసుపత్రిలో ఉండేవారు. అలాంటివారు మంచం మీద ఎంతోకాలం బ్రతకరన్నది ఆనాటి అభిప్రాయం. లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు గారు ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు. జర్మనీలో యూదుల మీద సాగిన దౌర్జన్యాన్ని తప్పించుకొని వచ్చిన వ్యక్తి ఆయన. రోగులను చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టి బాణాలు వేయించాడు. 1948 జూలై 29న, లండన్‌లో ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, తన ఆసుపత్రి మైదానంలో 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. అది పెరిగి పెరిగి 1960లో రోమ్‌లో మొదటి పారాలింపిక్స్ అయింది. 'పారా' అంటే గ్రీకు భాషలో పక్కన అని. ఒలింపిక్స్ పక్కన సమానంగా నడిచే పోటీలు అని దాని భావం. అడుగున కాదు, వెనుక కాదు, పక్కన.

మన దేశానికి ఇందులో తొలి బంగారు పతకం 1972లోనే వచ్చింది. 1965 యుద్ధంలో తూటా దెబ్బలు తిన్న సైనికుడు మురళీకాంత్ పేట్కర్ గారు జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో గెలిచారు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2018లో. మధ్యలో 46 సంవత్సరాలు! మన ఇంక్రిమెంటు ఫైలు నాలుగు నెలలు ఆలస్యమైతేనే మనం ఎంత గొడవ చేశామో గుర్తు చేసుకోండి. ఆ తరువాత కాలం మారింది. టోక్యో పోటీలలో, అంటే 2021లో, మనవాళ్ళు 19 పతకాలు తెచ్చారు. 2024లో పారిస్ నుంచి 29 తెచ్చారు. అందులో 7 బంగారు, 9 వెండి, 13 కంచు.

మన జిల్లా సంగతి వేరే చెప్పనక్కరలేదు. పర్వతగిరి మండలం కల్లెడ ఊరి ఆడపిల్ల జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగులో పరుగెత్తుతుంది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా పారా క్రీడల బంగారు పతకం, 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకండ్లతో ప్రపంచ రికార్డు. ఆమె పోటీ చేసే విభాగం పేరు టి-20. ఆ పేరు వినగానే పిల్లలంతా క్రికెట్ అనుకున్నారు. టి అంటే ట్రాక్, 20 అంటే బుద్ధి ఎదుగుదలలో, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నవారి విభాగం. పైకి చూస్తే ఏ లోపమూ కనిపించదు. అందుకే ఇలాంటి పిల్లలు మందబుద్ధి అనీ, మొద్దు అనీ మాటలు పడతారు. చిన్నతనంలో ఆమె ఊళ్ళో ఎలాంటి హేళన పడిందో ఆమె తల్లిదండ్రులే పత్రికల వారికి చెప్పుకున్నారు. పోటీల్లో వచ్చిన డబ్బుతో, ఆ కుటుంబం అమ్ముకున్న భూమిని మళ్ళీ కొనుక్కుందని కూడా మనం చదివాం.

ఈ విభాగానికి ఒక చరిత్ర ఉంది. గుమాస్తాగా నాకు అది ఆసక్తి కలిగించింది. 2000లో సిడ్నీలో స్పెయిన్ దేశం బాస్కెట్‌బాల్ జట్టు ఈ విభాగంలో బంగారు పతకం గెలిచింది. తరువాత తేలిందేమిటంటే జట్టులో 12 మందికి గాను 10 మందికి ఏ వైకల్యమూ లేదు! అబద్ధపు సర్టిఫికెట్లు. పతకం వెనక్కి తీసుకున్నారు. కానీ దానితో ఆగలేదు. బుద్ధి వైకల్యం విభాగాలన్నిటినీ ఆపేశారు. మళ్ళీ 2012లో లండన్‌లో గానీ వాటిని చేర్చలేదు. పది మంది దొంగ కాగితాలకు ప్రపంచంలోని నిజమైన ఆటగాళ్ళు పన్నెండేళ్ళు శిక్ష అనుభవించారు. కాగితం అంటే మాటలు కాదు. కాగితం తలుపు తీస్తుంది, కాగితమే తలుపు మూస్తుంది. ఈ మాట మళ్ళీ చెప్పవలసి వస్తుంది.

ఇక ఉత్తరాలకు వద్దాం. ఈ వివరాలన్నీ తెలిశాక టీచరమ్మ, పి.ఇ.టి. సారు, నేను కూర్చొని పిల్లలకు నాలుగు నిబంధనలు పెట్టాం. ఒకటి, ముందు మనిషి పేరు, తరువాత ఆట పేరు రాయాలి. వైకల్యం ప్రస్తావన అవసరమైతేనే. రెండు, "మీరు మాకు స్ఫూర్తి" అని రాస్తే, ఆ స్ఫూర్తితో నువ్వేం చేశావో కూడా రాయాలి. ఏమీ చేయకపోతే ఆ వాక్యం రాయకూడదు. మూడు, నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న ప్రశ్న ఒకటి అడగాలి. నాలుగు, జవాబు కోసం ఎదురు చూడకూడదు. వాళ్ళు సాధనలో ఉంటారు, మన ఉత్తరం వాళ్ళకు ఇంకొక పని కాకూడదు. చివర నేను ఎర్ర సిరా పెన్ను తీసి 27 చోట్లా 'పాపం' అన్న మాట కొట్టివేసి, పక్కన పొడి సంతకం పెట్టాను. పిల్లలు పడి పడి నవ్వారు. కొట్టివేతకు పొడి సంతకం లేకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుందని మీకు తెలుసు, వాళ్ళకు తెలియదు.

రెండో విడత ఉత్తరాలు చూడవలసింది! ఒక పిల్లవాడు దీప్తికి ఇలా రాశాడు. వాడి మాటల్లోనే చెబుతాను: "అక్కా, నేను కూడ 400 మీటర్లు ఉరికి చూసిన. మా సార్ గడియారంల ఒక నిమిషం 31 సెకండ్లు వచ్చింది. చివరి వంద మీటర్ల కాడ నా కాళ్ళు నావి కానట్టు అయినయ్. నీకు కూడ అట్లనే అయితదా? అయితే ఏం జేస్తవు?" ఈ ఉత్తరంలో జాలి ఎక్కడుంది చెప్పండి? ఒక ఆటగాడు ఇంకొక ఆటగాణ్ణి అడిగినట్లు ఉంది.

ఇంకొక అమ్మాయి శీతల్ దేవికి రాసింది. ఆమె జమ్మూ ప్రాంతంలోని కిష్ట్వార్ జిల్లా పిల్ల. పుట్టుకతో చేతులు లేవు. కాలితో విల్లు పట్టి, భుజంతో, దవడతో బాణం లాగి వదులుతుంది. అమ్మాయి అడిగిన ప్రశ్న: "విల్లు ఎంత బరువు ఉంటది? ముందు నీకు ఏ కాలు నొప్పి పెట్టింది?" ఇద్దరు పిల్లలు అనకాపల్లి జిల్లా రొంగలి రవి గారికి రాశారు. ఆయన పొట్టివారి విభాగంలో గుండు విసురుతారు. మరో ముగ్గురు కొంగనపల్లె నారాయణ గారికి రాశారు. రాయలసీమ నుంచి సైన్యంలో చేరి, మందుపాతర పేలుడులో కాలు పోగొట్టుకొని, పడవ నడిపే పోటీలకు వెళ్ళిన జవాను ఆయన.

ఆ తరగతిలో ఒక బాబు ఉన్నాడు. పేరు చెప్పను. బోర్డు తుడవడం, సుద్దముక్కలు తేవడం వాడి పని. చదవడం, రాయడం వాడికి సరిగా రాదు. తోటి పిల్లలు వాణ్ణి ఏమని పిలిచేవారో కూడా చెప్పను. వాడి కాగితం ఖాళీగా ఉంది. నేను పక్కన కూర్చొని, "నువ్వు చెప్పు నాయనా, నేను రాస్త. నా నౌకరీయే అది" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అడిగాడు: "ఆ అక్కకు కూడ లెక్కలు రావా తాతా?"

ఏం చెప్పాలో తోచలేదు. ఉన్న సంగతి చెప్పాను: "నేర్చుకోవడం ఆమెకు కష్టమే. అందుకే ఆ విభాగంల ఉరుకుతది."

వాడు కాసేపు ఆలోచించి, "అయితే రాయి. నాకు కూడ రావు అని రాయి" అన్నాడు.

అంతే ఉత్తరం. కింద వాడి పేరు వాడే రాసుకున్నాడు, పెద్ద పెద్ద అక్షరాలతో. 36 సంవత్సరాలలో నేను ఎన్నో డిక్టేషన్లు తీసుకున్నాను. కలెక్టర్లవీ తీసుకున్నాను. ఇంత బరువైన డిక్టేషన్ ఎన్నడూ తీసుకోలేదు.

ఉత్తరాలన్నీ ఒక కవరులో పెట్టి, ఢిల్లీలోని భారత పారాలింపిక్ కమిటీ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టు చేశాం. అప్పటికి ఇంకా రిజిస్టర్డ్ పోస్టు ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి అది స్పీడ్ పోస్టులో కలిసిపోయిన సంగతి మీకు తెలుసు. రసీదును పిల్లలు నోటీసు బోర్డుకు అతికించుకున్నారు.

తరువాత జరిగింది మీకూ తెలుసు. 2024 సెప్టెంబరు మొదటివారం. మన ప్రాంతంలో కుండపోత వానలు, కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయిన రోజులు. సెప్టెంబరు 2న ప్రాథమిక పరుగులోనే టర్కీ అమ్మాయి దీప్తి పేరిట ఉన్న ప్రపంచ రికార్డును దాటేసింది. మూడున్నర నెలలు కూడా నిలవలేదు. మా మనవరాలు దిగులు పడింది. 3వ తేదీ రాత్రి ఫైనలు. దీప్తి 55.82 సెకండ్లలో మూడవ స్థానంలో వచ్చి కంచు పతకం తెచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. అర్జున అవార్డు కూడా వచ్చింది. 2025లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. రవి గారు పారిస్‌లో 5వ స్థానంలో, నారాయణ గారి జోడీ 8వ స్థానంలో నిలిచారు. పతకం రానివారికి రాసిన పిల్లలు, "మా ఉత్తరం దండుగైందా తాతా?" అని అడిగారు. ప్రపంచంలో అయిదవవాడు అంటే ఎంత మందికి ముందున్నట్లో వాళ్ళనే లెక్క కట్టమన్నాను. తరువాత ఆ ప్రశ్న రాలేదు.

ఇంతవరకు పిల్లల సంగతి. ఇక నా సంగతి.

పిల్లలు ఉత్తరాలు రాస్తున్న రోజున టీచరమ్మ నాకూ ఒక ఇన్‌ల్యాండ్ లెటరు ఇచ్చారు. "మీరూ ఎవరికైనా రాయండి సార్" అన్నారు. అది మూడు వారాలు నా చొక్కా జేబులో నలిగింది. ఎవరికి రాయాలో తెలియక కాదు. తెలిసే.

1987లో నేను ఒక కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో జూనియర్ అసిస్టెంటును. మా దగ్గర ఒక టైపిస్టు ఉండేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. కర్ర పట్టుకొని నడిచేవాడు. నడుము పై భాగం మాత్రం రాయిలా ఉండేది. గుండు విసిరేవాడు. ఆ సంవత్సరం నవంబరులో హైదరాబాదులో వికలాంగుల రాష్ట్రస్థాయి పోటీలకు పిలుపు వచ్చింది. మూడు రోజులు స్పెషల్ క్యాజువల్ లీవు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ ఫైలు నా సీటుకు వచ్చింది.

నేను రాసిన నోటు నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది. "వికలాంగుల క్రీడల విషయమై నిబంధనలలో ప్రత్యేక ప్రస్తావన కానరాదు. దరఖాస్తుదారు సాధారణ సెలవు వినియోగించుకొనవచ్చును." పై అధికారి ఒక్క అక్షరం మార్చకుండా సంతకం చేశారు. నవంబరు నాటికి అతనికి క్యాజువల్ లీవులు ఒక్కటీ మిగల్లేదని నాకు తెలుసు. లీవు రిజిస్టరు నా బల్ల మీదనే ఉంది.

మిత్రులారా, అంతకు ముందు సంవత్సరమే మా సెక్షనులో వాలీబాల్ ఆడే సహోద్యోగికి అదే సెలవు నేనే పుటప్ చేసి ఇప్పించాను. "రాష్ట్రస్థాయి పోటీలు అయినందున అనుమతించవచ్చును" అని రాశాను. అదే కలం, అదే సిరా. ఈ ఫైలులో కూడా ఆ ఒక్క వాక్యం రాస్తే నన్ను ఆపేవారు లేరు. ఎందుకు రాయలేదు? శత్రుత్వం లేదు. రోజూ కలిసి టీ తాగేవాళ్ళం. "కాలు బాగా లేనివాడు, పాపం, అంత దూరం పోయి ఏం ఆడతాడు, ఇంటి పట్టున ఉండక" అనుకున్నాను. అక్కడే ఉంది ఆ 'పాపం'. పిల్లల కాగితాల్లో ఎర్రసిరాతో కొట్టేశాను గాని, అది నా నోట్ ఫైలులో 37 సంవత్సరాలుగా ఉంది. దానిని ఎవరూ కొట్టివేయలేదు.

ఆర్డరు అందుకొని, "ఫరవాలేదన్నా" అన్నాడు. మళ్ళీ ఎన్నడూ అలాంటి దరఖాస్తు పెట్టలేదు. తరువాత బదిలీ మీద వేరే జిల్లాకు పోయాడు.

మన సంఘం వారు వేసిన సభ్యుల చిరునామాల పుస్తకంలో అతని పేరు వెతికాను. దొరికింది. దీప్తికి కంచు పతకం వచ్చిన మర్నాడు ఉదయం కూర్చొని రాశాను. నిబంధనలు పాటించాను. ముందు పేరు, తరువాత ఆట. 1987 నాటి నోటు, 1986 నాటి నోటు, రెండూ పక్కపక్కన రాశాను. క్షమించమని అడిగాను. ఒక ప్రశ్న కూడా అడిగాను: "నీ గుండు ఎంత దూరం పడేది?" జవాబు కోసం ఎదురు చూడకూడదన్న నాలుగో నిబంధన మాత్రం పాటించలేకపోయాను.

పదకొండో రోజున జవాబు వచ్చింది. ఆయన అనుమతితోనే మీకు చదువుతున్నాను. పేరు మాత్రం చెప్పవద్దన్నాడు.

"అన్నా, నీ ఉత్తరం చేరింది. నాకు చూపు తగ్గింది, మనవడు చదివి వినిపించిండు. సెలవు సంగతి మరిచిపోయిన అని రాస్తే అబద్ధం అయితది. మరిచిపోలే. క్షమించడానికి ఏం లేదు అని కూడ రాయను. ఉంది. కాని నువ్వు అడిగినవు, అది కూడ ఉంది. మనవడు ఉత్తరం నడుమల ఆపి, తాతా నువ్వు ఆటగానివా అని అడిగిండు. మా ఇంట్ల ఎవ్వరికి ఆ సంగతి తెలువదు. నేనెన్నడు చెప్పలే. ఇనుప గుండు ఇంక మంచం కింద ఉంది. వాడు బయటకు తీసి తూకం వేయించిండు. దూరం అడిగినవు. పెరట్ల కూసోని విసిరితె జామచెట్టు దాటేది. చెట్టు ఇప్పుడు లేదు. అందుకని కొలిచి చెప్పలేను."

ఇంతే. ఈ ఉత్తరాన్ని నా సర్వీసు రిజిస్టరుతో పాటు దాచుకున్నాను. నా సర్వీసు రిజిస్టరులో చెడ్డ రిమార్కు ఒక్కటీ లేదని ఇన్నాళ్ళూ గర్వపడేవాణ్ణి. రిమార్కు లేకపోవడం వేరు, తప్పు లేకపోవడం వేరు అని ఈ వయసులో తెలిసింది.

అధ్యక్షా, సమయం మించుతోందని గంట కొట్టారు. రెండు మనవులు చేసి ముగిస్తాను.

మొదటిది. మనలో ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాయడం వచ్చు. ఈ కాలపు పిల్లలకు రాదు. ప్రతి వీధిలోనూ బడి ఉంది. డిసెంబరు 3 అంతర్జాతీయ వికలాంగుల దినం. ఇప్పుడు దివ్యాంగులు అంటున్నాం. పేరు మార్చడం సులువు, మనసులోని మాట మార్చడమే కష్టం. ఆ రోజుకు ముందుగా పది మంది సభ్యులం పది బడులకు వెళ్ళి, టీచర్ల అనుమతితో పిల్లలచేత ఉత్తరాలు రాయిద్దాం. జపాన్‌లోని నగానోలో 1998 శీతాకాల క్రీడలప్పుడు ఒక్కొక్క బడి ఒక్కొక్క దేశాన్ని తనదిగా ఎంచుకొని, ఆ దేశం గురించి చదివి, ఆ దేశపు ఆటగాళ్ళతో స్నేహం చేసిందట. మనం దేశాల దాకా పోనక్కరలేదు. ఒక్కొక్క బడి ఒక్కొక్క ఆటగాణ్ణి ఎంచుకుంటే చాలు. ఇన్‌ల్యాండ్ లెటరు ఖరీదు రెండున్నర రూపాయలు. ఖర్చు నా డి.ఎ. బకాయిలు వచ్చాక నేనే భరిస్తాను. అవి ఎప్పుడు వస్తాయో మీకు తెలుసు కనుక అంతవరకు సంఘం భరించాలి. (నవ్వులు)

రెండవది ఇంకా ముఖ్యం. క్రీడాకారులకు రాసే ఉత్తరంతో పని పూర్తి కాదు. ఇందాక ఒక బాబు గురించి చెప్పాను. వాడికి ఏ సర్టిఫికెట్టూ లేదని తరువాత తెలిసింది. తల్లి కూలి పనికి వెళుతుంది. రెండుసార్లు ఆఫీసుకు వెళ్ళి, ఏ కాగితం కావాలో అర్థం కాక వెనక్కి వచ్చిందట. 1995 నాటి చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 నాటి చట్టంలో 21 రకాలు చేరాయి. ప్రభుత్వ ఉద్యోగాలలో రిజర్వేషను 3 నుంచి 4 శాతం అయింది. చట్టం పెద్దదైంది, కానీ ఆ తల్లి దగ్గరికి అది చేరలేదు. మన సంఘం ఇద్దరు మిత్రులు, నేను కలిసి యు.డి.ఐ.డి. కార్డుకు దరఖాస్తు నింపాం, జిరాక్సులు జతచేశాం, పరీక్ష రోజున ఆసుపత్రిలో వాళ్ళతో పాటు వరుసలో నిలబడ్డాం. మొత్తం నాలుగు తిరుగుళ్ళు. కార్డు వచ్చింది. వాడు రేపు పరుగెత్తుతాడా, పతకం తెస్తాడా అన్నది కాదు ప్రశ్న. ఏ తలుపైనా తట్టడానికి వాడి చేతిలో ఇప్పుడు ఒక కాగితం ఉంది.

మనం జీవితమంతా కాగితాల మధ్య బ్రతికాం. ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో, ఏ గుమాస్తా ఏ కొర్రీ వేస్తాడో మనకన్నా తెలిసినవారు లేరు. ఎందుకంటే ఆ కొర్రీలు వేసింది మనమే. ఆ విద్య ఇప్పుడు అవతలి పక్క నిలబడి వాడదాం. సంఘం ఆఫీసులో వారానికి ఒక పూట, ఇద్దరు సభ్యులు, ఒక బల్ల. వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరు వచ్చినా దరఖాస్తు రాసి ఇద్దాం. ఈ తీర్మానాన్ని సభ ముందు ఉంచుతున్నాను. బలపరచమని ప్రార్థన.

పెన్షన్ భిక్ష కాదని చెప్పిన తీర్పు నాడు మనం కూడుకున్నాం. మనకు వద్దనుకున్న జాలిని ఇంకొకరికి పంచిపెట్టకుండా ఉందాం. పంచవలసింది ఉంటే, ఆ రోజు నేను రాయకుండా వదిలిన వాక్యం ఉంది కదా, "అనుమతించవచ్చును" అని, దానిని పంచుదాం.

 

(సభ్యుల హర్షధ్వానాల మధ్య తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడినది. ప్రతి గురువారం ఉదయం 10 గంటల నుంచి 1 గంట వరకు సంఘ కార్యాలయంలో దరఖాస్తుల బల్ల ఉంటుంది. పేర్లు ఇవ్వదలచిన సభ్యులు కార్యదర్శిని కలవగలరు.)